ప్రశ్న – జవాబు: పెన్నా దిబ్బ మీద డబ్బా దాచవచ్చా?

ప్రశ్న: మా మేనల్లుడు వియన్నాలో చదువుకుంటున్నాడు. అక్కడ డాన్యూబ్ నది నడుమ ఉన్న పొడవాటి దీవిలో, ఫోను చూపించిన అక్షాంశ రేఖాంశాలను పట్టుకుని వెళ్లి, చెట్టు మొదట్లో ఎవరో దాచిన చిన్న డబ్బాను కనిపెట్టి, అందులోని పుస్తకంలో తన పేరు రాసి వచ్చాడట. దీన్ని జియోకాషింగ్ అంటారని చెప్పాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు సంగం దిగువన పెన్నా నడుమ ఉన్న ఇసుక దిబ్బ మీద అలాంటి డబ్బా ఒకటి పెట్టి వెళ్తానంటున్నాడు. ఊరి పిల్లలు కూడా ఉత్సాహంగా ఉన్నారు. ఇది చేయదగిన పనేనా?
– ఒక పాఠకురాలు, సంగం మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ఆట మంచిదేనమ్మా, చోటే సరైనది కాదు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును తీసివేయగా, ఆ మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటించడంతో ఈ ఆట పుట్టింది. అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడు దశాంశాల వరకు రాస్తారు. ఆ చివరి అంకె ఒకటి మారితే నేల మీద సుమారు 1.8 మీటర్ల తేడా వస్తుంది. అంటే అంకెల లెక్క వరకు సుమారు ఆరు అడుగుల అవతలో ఇవతలో తప్ప, గురి తప్పే పని లేదు. కదలని నేల మీద మాత్రమే ఆ లెక్క నిలుస్తుంది.

మీ మేనల్లుడు చూసిన దీవిని ఇంజినీర్లు కట్టారు. వరద నీటికి దారి ఇవ్వడానికి డాన్యూబ్ పక్కనే కొత్త పాయ తవ్వి, ఆ మట్టినంతా నడుమ పోసి, 1972 నుంచి 1988 వరకు పనిచేసి, సుమారు 21 కిలోమీటర్ల పొడవున దాన్ని నిలబెట్టారు. వరదను తట్టుకోవాలన్న లెక్కతోనే దాని అంచులు తయారయ్యాయి. మన పెన్నా దిబ్బ కూడా ఒక విధంగా ఇంజినీర్ల పనే, కానీ దాన్ని ఎవరూ కట్టలేదు. నదికి అడ్డంగా కట్టిన వాటి వల్ల అది తనంత తాను ఏర్పడింది. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1880లలోది. వాటి స్థానంలో వచ్చిన రెండు బ్యారేజీలను 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. అన్నిటికీ పైన సోమశిల జలాశయం ఉంది. మామూలు వరదలను పైనే ఆపివేయడంతో కింద ఏరు ఒకటి రెండు పాయలకు కుదించుకుపోతుంది, మధ్యలో మేట వేసిన ఇసుక కొన్నేళ్లపాటు తడవకుండా ఉండిపోతుంది, దాని మీద తుంగ, జమ్ము, ఆ తర్వాత సర్కారు తుమ్మ మొలుస్తాయి. తుమ్మ వేళ్లు పాకిన దిబ్బను చూస్తే అది తాతల నాటి నుంచి అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. గేట్లు ఎత్తిన రోజున గాని దాని అసలు వయసు తెలియదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంతటి కట్ట నిలవని చోట అరచేతి డబ్బా నిలుస్తుందా?

డబ్బా పోతే మరొకటి పెట్టుకోవచ్చు. నా భయమంతా దాన్ని వెతుక్కుంటూ వచ్చే పిల్లల గురించి. మన ఏటికి నీళ్లు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మన ఊళ్లో ఎండ కాస్తూ ఉండగానే పైన కురిసిన వానకు నీరు వదలవచ్చు. మోకాటి లోతున దాటి దిబ్బ ఎక్కిన పిల్లవాడికి తిరిగి వచ్చే వేళకు నడుము లోతు ఎదురవుతుంది. ఇసుక తోడిన గుంటలు నీటి కింద కనిపించవు కూడా. వేసవిలో చెలమలు తీసుకుని నీళ్లు తాగిన ఏరే కదా అన్న చనువుతో చాలామంది ఆ గుంటల దగ్గరే మోసపోతారు.

ఇంకో ముఖ్యమైన విషయం మీ మేనల్లుడికి చెప్పండి. డబ్బా పెట్టినవాడే దాని బాగోగులు చూడాలన్నది ఈ ఆటలోని నియమం. తడిసిన పుస్తకం మార్చాలి, మూత పగిలితే కొత్తది పెట్టాలి. పండక్కి వచ్చి పెట్టి విమానమెక్కేవారి డబ్బాలను, డబ్బా ప్రకటనను పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్తలు సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి యజమానిగా మీ ఊరివారే ఎవరైనా ఉండాలి. నేల యజమాని ఒప్పుకోకుండా తవ్వి పాతిపెట్టడం కుదరదు, ఇంకో డబ్బాకు 161 మీటర్ల లోపల పెట్టడమూ కుదరదు, నేల ఎవరిదైతే వారి అనుమతి తీసుకోవాలి. ఏటి గర్భం ప్రభుత్వానిది. బ్యారేజీ, వంతెన, రైలు కట్ట దరిదాపులకు పోనేవద్దు. అనాథగా పడి ఉన్న డబ్బాను చూసి పోలీసులు పరుగెత్తుకుని వస్తే తప్పు వారిది కాదు.

నేనైతే డబ్బాను గట్టు ఇవతల, తెలిసిన రైతు పొలంలో, మోటారు షెడ్డు పక్కన ఆయన అనుమతితో పెట్టిస్తాను. రబ్బరు అంచుతో నాలుగు వైపులా బిగిసే టిఫిన్ డబ్బా తీసుకోండి. లోపల పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కలానికి బదులు పెన్సిలు పెట్టండి. తేమకు సిరా అలుక్కుపోతుంది. ఇది ఆట కోసం పెట్టినదని మూత మీద తెలుగులో రాయండి. తినేవి ఏవీ పెట్టకండి, చీమలూ ఎలుకలూ రెండో రోజే కనిపెడతాయి. చేయి పెట్టే ముందు కర్రతో తట్టి చూడమని పిల్లలకు చెప్పండి.

ఇక దిబ్బనే చూపించాలన్న కోరిక ఉంటే, దానికి డబ్బా లేని పద్ధతి ఉంది. ఎర్త్‌కాష్ అనే ఆ రకం 2004లో మొదలైంది. అందులో వెతికేవారు నేలను చూసి ప్రశ్నలకు జవాబులు రాసి పంపాలి, ఏమీ పెట్టరు, ఏమీ తీసుకుపోరు. దిబ్బకు ఎగువ కొన దగ్గర ఒక గుప్పెడు ఇసుక తీసి చూడండి, కందిగింజ, పెసరగింజ లాంటి రాళ్లు తగులుతాయి. దిగువ తోక దగ్గర తీస్తే రవ్వలాగా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. నీటి జోరు తగ్గేకొద్దీ బరువైనది ముందు, తేలికైనది తర్వాత దిగబడుతుందన్న పాఠం ఆ రెండు గుప్పిళ్లలోనే ఉంది. ఏరు ఎండిన నెలల్లో, ఆనకట్ట గేట్లు చూసే లస్కరును అడిగి, పెద్దలు వెంట ఉండగా మాత్రమే ఇది చేయాలి. మిగతా కాలమంతా ఆ ప్రకటనను తాత్కాలికంగా మూసి ఉంచే వీలు యజమానికి ఉంటుంది.

ప్రశ్న: మా వైపు నదీ దీవులు లేవు. ఈ ఆటకు తగిన చోటు ప్రకాశం జిల్లాలో ఎక్కడైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఉన్నదండీ. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లేటప్పుడు బకింగ్‌హామ్ కాలువ దాటుతారు కదా, దాటిన క్షణం నుంచి మీరు ఒక విధమైన దీవి మీద ఉన్నట్టే. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఈ కాలువను 1876–78 నాటి ధాత కరువులో, కూలి కోసం వచ్చిన జనం చేత తవ్వించి పొడిగించారు. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సముద్రానికి సమాంతరంగా పోతూ, కాలువకూ కెరటాలకూ మధ్య ఇసుక నేలను ప్రధాన భూమి నుంచి విడదీసింది. ఆ గట్టు మీద నడుస్తూ, ఏ వైపు మట్టి పోశారో, పడవలు ఆగిన రేవు ఎక్కడో పిల్లల చేత గుర్తు పట్టించండి. డబ్బా పెట్టాలనుకుంటే గట్టు మీద కాకుండా, ఊళ్లో ఎవరినైనా అడిగి వారి సరుగుడు తోటలో పెట్టండి. తుపాను హెచ్చరిక వినగానే వెళ్లి దాన్ని ఇంటికి తెచ్చుకోండి.