రూపాయల్లో వచ్చే పెన్షన్‌తో చియాంగ్ మాయ్‌లో చవగ్గా బతకొచ్చా? ఇల్లు మాత్రం అమ్మకండి

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు జూన్‌లో రిటైర్ అవుతున్నారు, పెన్షన్ 50 వేల దాకా వస్తుంది, అమ్మగారికి ఆయాసం ఉంది, మీరు హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నారు, శ్రీకాకుళంలో ఇల్లు అమ్మేసి ముగ్గురూ థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ వెళ్లిపోతే ఖర్చు తగ్గి హాయిగా ఉండొచ్చా అని అడిగారు. నేను 2021లో రిటైరైన హైస్కూలు లెక్కల మాస్టారిని, విజయనగరంలో ఉంటాను. మీరు అడిగిన ఊళ్లోనే నేనూ మా ఆవిడా 2024 నవంబరు నుంచి అయిదున్నర నెలలు ఉండి వచ్చాం. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట. ఇల్లు అమ్మకండి. మిగతాదంతా తర్వాత.

యూట్యూబ్‌లో ఆ దేశాలు చవక అని చెప్పేవాళ్లు చాలామంది డాలర్లలోనో యూరోల్లోనో సంపాదిస్తున్నవాళ్లు. వాళ్ల ఊళ్లో అద్దెకే లక్షన్నర పోతుంది కాబట్టి చియాంగ్ మాయ్‌లో 75 వేలకు నెల గడిస్తే వాళ్లకది నిజంగానే చవక. మనకు కాదు. మా లెక్కల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి అద్దె 11 వేల బాట్ (బాట్ అంటే థాయ్ వాళ్ల డబ్బు), కరెంటు 1,400 (ఏప్రిల్‌లో ఏసీ వేస్తే 2,800), తిండికి 9 వేలు, ఆటోలకీ ట్యాక్సీలకీ మూడు వేలు, ఫోన్లూ నెట్టూ, మందులూ, ఇన్సూరెన్సూ కలిపి నెలకు 30 వేల బాట్ దగ్గరకి వచ్చేది. మేం ఉన్నప్పుడు బాట్ రెండున్నర రూపాయలకి దగ్గరగా ఉండేది, అంటే నెలకు 74 వేలు. విజయనగరం తోటపాలెంలో సొంతింట్లో, పనిమనిషికీ పాలకీ మందులకీ అన్నిటికీ కలిపి మా ఇద్దరికీ 32 వేలు మించదు. అంటే నా పెన్షన్‌తో ఇక్కడ నెలాఖరుకి మిగులుతుంది, అక్కడ ప్రతి నెలా బ్యాంకులోంచి తీయాల్సి వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికని మీరు వెళ్తుంటే ఆ కారణం ఇక్కడితో అయిపోయింది.

మేం ఎందుకు వెళ్లామంటే, మా అమ్మాయి బెంగళూరు కంపెనీకి ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని అనుమతి తెచ్చుకుని అక్కడికి వెళ్లింది. 2024 జూలైలో థాయ్‌లాండ్ వాళ్లు డీటీవీ అని కొత్త వీసా పెట్టారు, అయిదేళ్లు పని చేస్తుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, ఖాతాలో 5 లక్షల బాట్ ఉన్నట్టు చూపాలి, ఫీజు సుమారు 10 వేల బాట్. మీకు పనికొచ్చేది అదే. కానీ దాని మీద అమ్మానాన్నల్ని తీసుకెళ్లడం కుదరదు, భార్య లేక భర్త, చిన్న పిల్లలు మాత్రమే. మీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, వాళ్ల లాప్‌టాప్ వేరే దేశంలో తెరిస్తే చాలా కంపెనీలు ఒప్పుకోవు. టైమ్ మాత్రం ఇబ్బంది లేదు, మనకంటే గంటన్నర ముందు అంతే.

నాన్నగారికి రిటైర్మెంట్ దారి వేరు. 50 ఏళ్లు దాటాలి. తర్వాత నెలకు 65 వేల బాట్ ఆదాయమైనా చూపాలి, అంటే మేం ఉన్నప్పటి లెక్కలో లక్షా అరవై వేల రూపాయలు, అది మన పెన్షన్లకి అందదు. లేదంటే థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ వేసి ఉంచాలి, అప్పటి లెక్కలో సుమారు 20 లక్షలు. ఏడాది పొడిగింపుకి దరఖాస్తు పెట్టడానికి రెండు నెలల ముందు నుంచీ ఆ డబ్బు అక్కడ ఉండాలి, పొడిగింపు వచ్చాక మూడు నెలలు కదపకూడదు, ఆ తర్వాత కూడా 4 లక్షలకి తగ్గకూడదు. మీరు ఇల్లు అమ్మితే వచ్చేదాంట్లో పెద్ద ముక్క ఇలా అక్కడ కట్టేసినట్టు పడి ఉంటుంది. ఈ వీసా మీద ఏ పనీ చేయకూడదు.

ఆ డిపాజిట్ కోసమే నేను 2024 నవంబరులో 21 లక్షలు పంపాను. అప్పుడు విదేశాలకి పంపే డబ్బు ఏడాదికి 7 లక్షలు దాటితే పైదాని మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, పట్టుకునేవారు. అంటే నాకు 2 లక్షల 80 వేలు పట్టుకున్నారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేశాక తిరిగి వచ్చింది, కానీ తొమ్మిది నెలలకి పైగా చేతిలో లేదు, కొత్త దేశంలో మొదటి నెలల్లోనే అంత తగ్గితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో చూడండి. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితిని 10 లక్షలు చేశారు. అది మనిషికి లెక్క, కాబట్టి ఆలుమగలు ఇద్దరి ఖాతాల నుంచీ పంపితే భారం తగ్గుతుందేమో మీ ఆడిటర్‌ని అడగండి. నేను ముందే అడగాల్సింది. ఇంకోటి కూడా అడగండి, క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు అక్కడుంటే థాయ్ పన్ను లెక్కల్లో వాళ్ల నివాసి కిందకి వస్తారు, అక్కడికి తెచ్చుకున్న డబ్బు గురించి ప్రశ్న వస్తుంది.

ఇక బాగున్నవి చెప్పకపోతే అన్యాయం. నవంబరు, డిసెంబరు, జనవరి ఆ ఊరు చాలా బాగుంటుంది. పొద్దున్నే మన అరకు చలి, మధ్యాహ్నం తేలికపాటి ఎండ, పడమటి వైపు దోయ్ సుతేప్ కొండ. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అయినా పాత ఊరి చుట్టూ ఉన్న అగడ్త పక్కన రోజూ గంట నడిచేది, విజయనగరంలో కోట చుట్టూ అలా ప్రశాంతంగా నడవడం ఆవిడకి ఎప్పుడూ కుదరలేదు. ఎవరూ గట్టిగా అరవరు. కూరగాయల బజారులో మునగకాయ, పనసకాయ, అరటి పువ్వు అన్నీ ఉంటాయి. లేత పనసకాయని ఉడకబెట్టి దంచి తాలింపు వేసి 'తాం ఖనూన్' అని ఒక కూర చేస్తారు, మొదటిసారి తిన్నప్పుడు మా ఆవిడ ఇందులో కాస్త ఆవ పెడితే మన పెళ్లిళ్లలో కూరే కదండీ అంది, మర్నాడే పనసకాయ కొనుక్కొచ్చి ఆవపెట్టి వండి పక్క ఫ్లాటు వాళ్లకి ఇచ్చింది. కందిపప్పు మాత్రం ఇండియన్ షాపులోనే దొరుకుతుంది, ధర ఎక్కువ. మీరు శాకాహారులైతే 'జే' అన్న మాట నేర్చుకోండి, శాకాహారం అని అర్థం, లేకపోతే దేనిలోనైనా చేపల నుంచి తీసిన నీళ్ల సాస్ వేసేస్తారు.

ఫిబ్రవరి నుంచి పరిస్థితి మారిపోయింది, మీ అమ్మగారి గురించి నా భయం ఇదే. అక్కడ కోతలయ్యాక పొలాల్లో మిగిలినదాన్ని తగలబెడతారు, చుట్టుపక్కల కొండల్లో అడవులూ కాలుతుంటాయి, ఊరేమో కొండల మధ్య గిన్నెలో ఉన్నట్టు ఉంటుంది, పొగ ఎటూ పోదు. మార్చిలో మా బాల్కనీ నుంచి దోయ్ సుతేప్ కనపడటం మానేసింది. అంత పెద్ద కొండ. సూర్యుడు ఎర్రటి బిళ్లలా ఉండేవాడు. ఆయాసమే లేని మా ఆవిడ రాత్రిళ్లు దగ్గుతూ కూర్చునేది, కిటికీలన్నీ మూసి, గాలి శుభ్రం చేసే మిషన్ రెండు గదులకీ రెండు కొన్నాం. ఒక రాత్రి ఊపిరి ఆడటం లేదంటే ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం, చాలా బాగా చూశారు, పొద్దున్నకి బిల్లు 38 వేల బాట్. మేం తీసుకున్న ఇన్సూరెన్స్ వాళ్లు పాత జబ్బుల జాబితా చూపించి సగం కూడా ఇవ్వలేదు. ఇక్కడైతే నాకు ఈహెచ్ఎస్ కార్డు (ప్రభుత్వ ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఉండే ఆరోగ్య పథకం) ఉంది, అది అక్కడ పనికిరాదు. 60 దాటాక, అందులోనూ షుగర్, బీపీ ఉంటే, కొత్త దేశంలో ఇన్సూరెన్స్ ఎంతకి వస్తుందో, అందులో ఏది వదిలేస్తారో ముందు కాగితం మీద చూసుకుని ఆ తర్వాతే అద్దెల గురించి ఆలోచించండి. జనం దీన్ని చివర్లో చూస్తారు.

ఏప్రిల్ 13న మా తమ్ముడి ఫోన్. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో అమ్మ స్నానాల గదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. 86 ఏళ్లు. అదే రోజు అక్కడ సోంగ్‌క్రాన్ మొదలు, మన సంక్రాంతి మాటే అది, మూడు రోజులు దేశమంతా నీళ్లు చల్లుకుంటూ సొంతూళ్లకి వెళ్తారు. విమానాల్లో సీట్లు లేవు. చియాంగ్ మాయ్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి విశాఖకి నేరుగా ఉన్న విమానం ఆ రోజు లేదు, కలకత్తా మీదుగా వచ్చి, ఊరు చేరేసరికి రెండు రోజులు పట్టింది. ఆపరేషన్ అయిపోయింది. తమ్ముడే సంతకం పెట్టాడు, తమ్ముడే రక్తం తెచ్చాడు, నేను పెద్దకొడుకుని. అమ్మ నన్ను చూసి కోప్పడలేదు. "రంగం ఎల్లిపోనావేట్రా నాన్నా" అంది. రంగం అంటే రంగూన్, అమ్మకి సముద్రం అవతల ఏ దేశమైనా రంగమే, వాళ్ల నాన్న రంగూన్‌లో బియ్యం మిల్లులో కూలికి వెళ్లి, 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు అడవుల్లో నడిచి ప్రాణాలతో ఇంటికి చేరాడు, అప్పుడు అమ్మకి మూడేళ్లు. మన జిల్లాల్లో ఇలాంటి కథ లేని వీధి తక్కువ. ఆయన వెళ్లింది సంపాదించి పంపడానికి, నేను వెళ్లింది దాచుకున్నది ఖర్చు పెట్టుకోవడానికి, ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుంటే ఆ తేడా నాకు చాలా బరువుగా అనిపించింది.

ఆ కంగారులో ఇంకోటి మర్చిపోయాను. ఏడాది పొడిగింపు వచ్చినా, దేశం దాటే ముందు తిరిగి వస్తానని రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఆ పొడిగింపు అక్కడితో చచ్చిపోతుంది. ఒకసారికి 1,000 బాట్, ఎన్నిసార్లైనా వెళ్లి రావాలంటే 3,800. పెద్ద విమానాశ్రయాల్లో కూడా ఇస్తారు. నాకు తెలుసు, కానీ ఆ రోజు గుర్తురాలేదు. నెలల తరబడి తిరిగి సంపాదించిన కాగితం అలా పోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే, పొడిగింపు వచ్చిన రోజే ఎన్నిసార్లైనా పనికొచ్చే పర్మిట్ తీసేసుకోండి, తర్వాత చూద్దామనుకోకండి.

వియత్నాం గురించి కూడా అడిగారు. దనాంగ్‌లో మా అమ్మాయి మూడు నెలలు ఉంది, సముద్రం పక్కన, అద్దెలు చియాంగ్ మాయ్ లాగానే. అక్కడ రిటైర్మెంట్ వీసా లేదు. 90 రోజుల ఈ-వీసా ఉంది, ఒకసారికి 25 డాలర్లు, పలుసార్లు వెళ్లి రావడానికి 50, అయిపోయాక బయటికి వెళ్లి మళ్లీ తీసుకోవాలి. చదువుకునే వయసులో, ఒంటరిగా అయితే బాగుంటుంది. నాన్నగారితో మూడు నెలలకోసారి సామాన్లు సర్దడం ఆలోచించండి. అక్టోబరు, నవంబరులో అక్కడా మనలాగే తుఫాన్లు, 2018 తిత్లీని చూసిన వాళ్లకి ఆ మాట చాలు.

చిన్న విషయమే కానీ చాలా ఏడిపించేది ఓటీపీ. మన సిమ్ రీఛార్జ్ ఆగకుండా, రోమింగ్‌లో మెసేజ్‌లు వచ్చేలా చూసుకోకపోతే పెన్షన్ ఖాతా మీ కళ్లముందు ఉన్నా తెరుచుకోదు. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలో ఇక్కడే ఉండేలా చూసుకోండి.

మీ ప్రశ్న చివర్లో, ఒక ఏజెంట్ 'అక్కడే డేటా ఎంట్రీ ఉద్యోగం కూడా చూస్తాను, ముందు కంబోడియా వెళ్లి అటు నుంచి వెళ్లొచ్చు' అన్నాడని రాశారు. బాబూ, ఆ మనిషితో మాట్లాడటం ఈ రోజే ఆపేయండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టింది ఇదే, డేటా ఎంట్రీ అని చెప్పి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. వీసాకి ఏజెంటే అక్కర్లేదు, థాయ్ ప్రభుత్వ ఈ-వీసా సైట్‌లో మీరే పెట్టుకోవచ్చు, నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి నా అంకెలు కూడా అక్కడ సరిచూసుకోండి.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, ఇల్లు ఇక్కడే, మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక నవంబరులో వెళ్లి డిసెంబరులో వచ్చేస్తున్నాం, పోయిన చలికాలం అయిదు వారాలు ఉన్నాం, ఆ బ్యాంకులో డబ్బూ వెనక్కి తెచ్చుకున్నాం. అమ్మ వాకర్ పట్టుకుని అరుగు దాకా వస్తోంది. మీరు నిజంగా ఏడాది పొడవునా ఉండాలనుకుంటే, అందరూ చెప్పే డిసెంబరులో కాకుండా మార్చిలో మీరు ఒక్కరే వెళ్లి మూడు వారాలు ఉండి రండి, అమ్మగారిని మొదటిసారే ఆ పొగలోకి తీసుకెళ్లకండి. శ్రీకాకుళం ఇల్లు అద్దెకి ఇవ్వండి, ఒక గది తాళం మీ దగ్గర ఉంచుకుని.

నెలవారీ ఖర్చులు రాసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది, నాన్నగారి మందుల పేర్లు రాస్తే వాటి ధర అక్కడ ఎంత ఉందో మా అమ్మాయిని కనుక్కోమంటాను.