తమిళం రాకుండా కొడైకానల్ సలేత్ మాత గుడికి వెళ్తే

"ఏటా గుణదల వెళ్తాం. ఈసారి ఆగస్టులో కొడైకానల్ వెళ్తున్నాం. అక్కడి సలేత్ మాత గుడి చిన్నదంట, పూజ తమిళంలోనంట, మాకేం అర్థమవుతుంది?" అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేనూ ఇదే టెన్షన్‌తో వెళ్లాను.

గుడి చిన్నదే. ఊరికి ఎత్తు మీద ఉంటుంది. 1860లలో ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్ సెయింట్ సిర్ కట్టించారు. సలేత్ అనేది ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల్లో ఊరు. 1846 సెప్టెంబర్ 19న అక్కడ ఆవులు కాస్తున్న మెలనీ, మాక్సిమిన్ అనే పిల్లలకు మరియ తల్లి కనిపించింది. చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తూ కూర్చుందట. మెడలోని సిలువకు ఒక పక్క సుత్తి, ఇంకో పక్క పటకారు ఉన్నాయట. మేకులు కొట్టేది ఒకటి, పీకేది ఒకటి.

ఆ కథలో నాకు ప్రాణమైన ముక్క ఇంకొకటుంది. తల్లి మొదట ఫ్రెంచిలో మాట్లాడింది. బంగాళాదుంపల పంట గురించి చెబుతుంటే ఆ మాట మెలనీకి అర్థం కాలేదు. పక్కనున్న పిల్లాడి వైపు చూసింది. అది గమనించి, "అర్థం కాలేదా పిల్లలూ, ఇంకోలా చెబుతాను" అని వాళ్ల కొండ యాసలోకి మారింది తల్లి.

నేను వెళ్లినరోజు జపమాల చెబుతున్నారు. "అరుళ్ నిఱైంద మరియే" అని వాళ్లంటుంటే, నేను నోట్లోనే "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అనుకున్నాను. పక్కనున్న పెద్దావిడ విని, నా వైపు జరిగి, "తెలుగా? మా ఇంట్లోనూ తెలుగే. గట్టిగా చెప్పమ్మా" అంది. వాళ్ల పెద్దలు ఎన్నో తరాల కిందట తమిళ దేశం వచ్చి స్థిరపడ్డారట. ఆవిడ తమిళంలో, నేను తెలుగులో చివరిదాకా చెప్పాం. మా అమ్మ పోయాక నేను నోరు విప్పి జపమాల చెప్పింది ఆ రోజే.

పండుగ ఆగస్టు 14, 15 తేదీల్లో, మరియమాత మోక్షారోపణ రోజుకి కలిపి చేస్తారు. మాతను తేరు మీద ఊరేగిస్తారు. కుదిరితే ఆ రెండు రోజులూ ఉండండి. రూము మాత్రం ముందే చూసుకోండి. వాన, చలి రెండూ ఉంటాయి, పిల్లలకు స్వెటర్లు మర్చిపోవద్దు. జపమాల మీరు తెలుగులోనే చెప్పండి, కొంచెం గట్టిగానే.