మన కంప్యూటర్లో ఆడిన గేములు మనం అచ్చేసుకోకూడదా?

ప్రశ్న: డబ్బులు పెట్టి ఒక చెస్ ఇంజిన్, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్, కొన్నానండి, కంపెనీ పేరు వద్దులెండి. రాత్రిపూట దాన్నీ, స్టాక్‌ఫిష్ అనే ఉచిత ఇంజిన్‌నీ ఆడించేసి పడుకుంటే పొద్దున్నకి గేములన్నీ పీజీఎన్ ఫైల్లో (గేముల ఎత్తులు రాసి ఉంచే ఫైలు) రెడీగా ఉంటాయి. మొన్న పది గేముల్లో నాది 6-4తో గెలిచింది, మా క్లబ్బు సావనీర్‌లో వేద్దామనుకున్నా, తీరా చూస్తే లైసెన్సులో కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫలితాలు ప్రచురించకూడదని ఉంది. కంప్యూటరు నాది, కరెంటు బిల్లు నాది, మధ్యలో వీళ్ళ పెత్తనమేటండి?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: మీ కోపం న్యాయమైనదే కానీ ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయండి. గేములో ఎత్తులు, ఎవరు గెలిచారన్నది, ఇవి జరిగిన సంగతులు, వాటి మీద ప్రోగ్రామ్ రాసినాయనకి కాపీరైట్ ఉందనడం కష్టం. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కూడా ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో గమనించడం, టెస్ట్ చెయ్యడం తప్పు కాదనే అంటుంది. మరి చిక్కెక్కడంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చిన్న డబ్బాలో పొడుగ్గా వచ్చే ఆ మేటరు, మనమందరం చదవకుండా కిందకి తోసేసి ఒప్పుకున్నానని నొక్కేస్తామే, అదీ. అది కాంట్రాక్టు. గేములు వాళ్ళవి కాకపోయినా మాటిచ్చింది మీరు.

ఇలాంటి షరతు చెస్ వాళ్ళు కనిపెట్టింది కాదు. 1983లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో డేవిడ్ డెవిట్ అనే ప్రొఫెసర్ డేటాబేస్‌ల స్పీడు కొలిచి బయటపెడితే డేటాబేస్‌లు అమ్మే ఒరాకిల్ కంపెనీకి మంచి మార్కులు పడలేదు, ఆ తర్వాత వాళ్ళ లైసెన్సులో అనుమతి లేకుండా బెంచ్‌మార్క్ (ఇలా కొలిచిన) ఫలితాలు బయటపెట్టకూడదన్న ముక్క వచ్చి చేరింది, దాన్ని ఇప్పటికీ డెవిట్ క్లాజ్ అనే అంటారు. యాంటీవైరస్ అమ్మే నెట్‌వర్క్ అసోసియేట్స్ ఇలాంటిదే పెడితే న్యూయార్క్ అటార్నీ జనరల్ కేసు వేశారు, 2003లో కోర్టు అది జనాన్ని తప్పుదోవ పట్టించేలా ఉందంది. బాగుంది, కానీ అది అక్కడి చట్టం, గాజువాకలో అక్కరకొస్తుందని చెప్పలేను.

స్టాక్‌ఫిష్ వైపు మీకే ఇబ్బందీ లేదు. దాని లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షన్, అందరూ స్వేచ్ఛగా వాడుకోనిచ్చేది, ఎన్ని గేములైనా ఆడించుకోండి, ఎక్కడైనా వేసుకోండి. క్రాఫ్టీ అనే ఇంకో ఇంజిన్‌ది వేరే దారి, సోర్సు కోడ్ అందరికీ ఇచ్చేసినా పోటీల్లో దింపాలంటే దాన్ని రాసిన రాబర్ట్ హయట్ అనుమతి తీసుకోవాలి, అదీ క్రాఫ్టీ అన్న పేరుతోనే దింపాలి. పేరు మార్చి తమదని చెప్పుకునేవాళ్ళున్న చోట ఆ షరతు నాకు సబబుగానే అనిపిస్తుంది. ఫలితాలే దాచమనడం మాత్రం డబ్బులిచ్చి కొన్నవాడి నోరు కట్టెయ్యడమే.

అలాగని కంపెనీల భయం ఉత్తదీ కాదు, మీ 6-4నే తీసుకోండి. ఈరోజుల్లో స్టాక్‌ఫిష్‌ని అలా కొట్టడమంటే నాకైతే డౌటే, పాత వెర్షన్ పెట్టారో, దానికి ఒక్క థ్రెడ్డే (ప్రాసెసర్‌లో ఒక్క వంతే) ఇచ్చారో ఓసారి చూడండి. పది గేములతో ఏమీ తేలదండి, సగం డ్రాలయ్యే పోటీలో వంద గేములాడించినా రేటింగ్ (బలాన్ని చెప్పే అంకె) అటో ఇటో యాభై పాయింట్లు ఊగుతుంది. ఈసారి మీది గెలిచింది కాబట్టి సరే, 2-8తో ఓడి అది అచ్చయ్యుంటే కంపెనీవాడు గోల పెట్టడా?

కాబట్టి వాళ్ళకో మెయిల్ కొట్టండి. రెండు ఇంజిన్ల వెర్షన్లు, టైమ్ కంట్రోల్ (ఆలోచించడానికిచ్చిన టైమ్), థ్రెడ్లు, హాష్ (ఇంజిన్‌కిచ్చిన మెమరీ) ఎంత, ఓపెనింగ్ బుక్ (మొదటి ఎత్తుల జాబితా) ఏది, ఎన్ని గేములు, ఇవన్నీ రాసి ఫలానా సావనీర్‌లో వేసుకుంటామని అడగండి. ఒప్పుకుంటే ఆ వివరాలే స్కోరు కింద వేసెయ్యండి. జవాబు రాకపోతే వెయ్యొద్దు, మౌనం రాతపూర్వక అనుమతి అవ్వదు కదా, అప్పుడు స్టాక్‌ఫిష్ రెండు వెర్షన్లని ఆడించి అది వేసుకోండి, అడిగేవాడుండడు.

ప్రశ్న: మా పాప టోర్నమెంట్లో ఆడిన గేమ్‌ని వేరే కోచ్ తన నోట్సులో వాడుకున్నారు. ఆపొచ్చా?
– ఓ తల్లి, సీతమ్మధార

జవాబు: ఎత్తుల వరకైతే కష్టమమ్మా. 2016లో కార్ల్‌సన్, కర్యాకిన్ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ ఎత్తుల్ని వేరే సైట్లు లైవ్‌లో చూపించకుండా ఆపమని నిర్వాహకులు అడిగితేనే న్యూయార్క్ కోర్టు కుదరదంది. కానీ ఆ గేమ్ మీద మీ పాపో, వాళ్ళ కోచో రాసుకున్న వ్యాఖ్యానాన్ని మక్కీకి మక్కీ దింపేసుంటే అది వేరే సంగతి, అడగండి.