షాకప్ మార్చాలా, విప్పితే చాలా?

ప్రశ్న: అన్నా, నాది మూడేండ్ల కింద కొన్న గేర్ సైకిల్. ముందు షాకప్ గాలి నింపే రకం. వారం వారం మట్టిదారిలో డిండి రిజర్వాయర్ దాకా పోయొస్తా. ఈ మధ్య చిన్న గుంతలకు షాకప్ కదలడం లేదు, చేతులు అదురుతున్నాయి. బ్రేకు పట్టి ఊపితే టక్ టక్ మంటోంది. షాపులో కొత్తది వేయించుకోమన్నారు. సర్వీసు సరిపోదా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, డబ్బులు తీసే ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చుకో. ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిల్ నేరుగా పెట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపు. తర్వాత చక్రాన్ని పక్కకు తిప్పి మళ్లీ ఊపు. అప్పుడూ లూజు తెలిస్తే అది హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు. చాలాసార్లు బిగిస్తే పోతుంది. నేరుగా ఉన్నప్పుడే తెలిసి, పై పైపు కింది గొట్టంలోకి దిగేచోట ఉండే రబ్బరు సీలు దగ్గర పెట్టిన వేలికి కదలిక తగిలితే షాకప్ లోపలి బుష్‌లు (పైపు జారే రింగులు) అరిగినట్టు. డిస్క్ బ్రేకు ప్యాడ్లు కూడా ఇట్లాగే టకటకలాడతాయి, చూసుకో.

బిగుసుకుపోవడం మాత్రం సర్వీసు లేకనే అని నా అనుమానం. దానికి లెక్క ఏండ్లు కాదు, తొక్కిన గంటలు. షాకప్‌లు చేసే రాక్‌షాక్స్ కంపెనీ వాళ్లు కింది గొట్టాలను 50 గంటలకోసారి విప్పి శుభ్రం చేయమంటారు. ఫాక్స్ కంపెనీ వాళ్లది 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నువ్వు వారానికి మూడు గంటలు తొక్కినా 50 గంటలు నాలుగు నెలల్లో దాటిపోతాయి. ఆ గొట్టాల్లో ఉండే ఆయిల్ కొంచెమే. అది ఎండిపోయి, మన ఎర్ర చెలక దుమ్ము సీలు కింద చేరితే పైపు మీది పూతను ఎమరీ కాగితంలా గీకేస్తుంది.

అందుకే అసలు తీర్పు పైపుదే. తుడిచి, గోరుతో గీసి చూడు. గోటికి గీత తగిలినా, పూత పోయి లోపలి రంగు కనబడినా కొత్త సీలు వేసి లాభం లేదు, అప్పుడు షాపువాళ్ల మాటే నిజం. నున్నగా ఉంటే కొత్తది దండగ. సీళ్లు, ఫోమ్ రింగులు, ఆయిల్ మార్పించు; మూడేండ్లయింది కాబట్టి గాలి గది, డ్యాంపర్ (షాకప్ ఎగిరెగిరి పడకుండా ఆపే భాగం) కూడా విప్పించు. బుష్‌లు పోతే మాత్రం సరైన పనిముట్లున్న చోటికే పంపాలి, హైదరాబాద్ తప్పదేమో. ఇదే చవక స్ప్రింగు షాకప్ అయితే ఇంత ఖర్చు పెట్టమనను, గ్రీజు వేసి నడిపించుకోవచ్చు.

ఇంట్లోనే విప్పే ఆలోచన ఉంటే ముందు గాలి మొత్తం తీసేయ్. గాలి ఉండగా విప్పితే లోపలి ముక్క ముఖం మీదికి ఎగిరొస్తుంది.