ఎంజీబీ ముందు చక్రం స్టడ్లు: రెండు విరిగితే నాలుగూ మార్చండి

మీ ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఎడమ ముందు చక్రానికి ఉన్న నాలుగు స్టడ్లలో (చక్రం నట్లు బిగించే మర కడ్డీల్లో) రెండు విరిగాయని, హబ్బు (చక్రాన్ని బిగించే నడిమి భాగం) ఊడదీయకుండానే పాతవాటిని సుత్తితో దిగ్గొట్టి, కొత్తవాటిని నట్టు బిగించి లోపలికి లాగవచ్చని మెకానిక్ అంటున్నాడని రాశారు. ఆ పద్ధతికి ఒప్పుకోవద్దని, మార్చేటప్పుడు నాలుగూ మార్చమని నా మనవి.

నాది రోస్టైల్ అనే ఉక్కు చక్రాలున్న 1972 నాటి ఎంజీబీ జీటీ. నాలుగేళ్ల కిందట ఇక్కడ ఇంగ్లండులోని రెడింగులో టైర్లు మార్పించుకున్న రెండు వారాలకు ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. పానా పెట్టి తిప్పబోతే నట్టుతో పాటు స్టడ్డు మొన చేతిలోకి ఊడివచ్చింది. విరిగినచోట వెలుతురు పడేలా పట్టుకుని చూస్తే, సగానికి పైగా నెలవంక ఆకారంలో తుప్పు పట్టి నల్లబడి ఉంది. మిగిలిన కాస్త భాగమే కొత్త ఇనుములా మెరుస్తోంది. అంటే ఆ పగులు ఆ రోజు పుట్టినది కాదు, మర అడుగున మొదలై చాలాకాలంగా లోపలికి పాకుతూ వచ్చినది. ఎయిర్ గన్‌తో మితిమీరి బిగించినప్పుడు స్టడ్డు సాగుతుంది, సాగినది మళ్లీ పట్టు ఇవ్వదు, పట్టు లేని చక్రం తిరిగిన ప్రతిసారీ దాన్ని కొద్దికొద్దిగా వంచుతుంది. ఒకటి విరిగాక దాని బరువంతా పక్కవాటి మీద పడుతుంది కనుక, చూపుకు బాగున్నవాటినీ నమ్మకూడదు. నా హబ్బులో మిగిలిన మూడింటికి నట్టును చేత్తో తిప్పి చూస్తే ఒకదానిపై సగం దూరంలోనే బిగుసుకుపోయింది; ఆ స్టడ్డు కూడా సాగిపోయిందని అప్పుడే తెలిసింది.

ఎంజీబీలో బ్రేకు డిస్కు హబ్బు వెనకవైపున బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి, నేను కాలిపర్ (డిస్కును నొక్కిపట్టే బ్రేకు భాగం) విప్పి, దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వక తీగతో కట్టి, హబ్బు బయటికి తీసి, డిస్కు ఏ దిశలో ఉందో గుర్తు పెట్టుకుని వేరు చేశాను. ఈ దశలో అందరూ పొరపాటు చేసే చోటు ఒకటుంది. ఈ కారు ముందు హబ్బులో రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం, దానితో పాటు రేకుల్లాంటి పల్చటి శిమ్ములు ఉంటాయి. అవి గ్రీజులో బేరింగుకు అంటుకుని వచ్చి, తుడిచిన గుడ్డతో పాటు చెత్తలోకి పోతాయి. అవి తగ్గితే బేరింగులు బిగుసుకుని కాలిపోతాయి. వచ్చిన వరుసలోనే వాటిని తీగకు గుచ్చి పెట్టుకోండి. తిరిగి బిగించాక హబ్బు ముందువెనకల కదలిక 0.002 నుంచి 0.004 అంగుళాలు, అంటే 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. హబ్బు నట్టును 40 నుంచి 70 పౌండ్-అడుగుల (బిగింపు బలానికి కొలత) మధ్య బిగించి, అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కొత్తది వేయాలి.

స్టడ్లను మాత్రం ప్రెస్ (బలంగా నొక్కే యంత్రం) మీదే దింపించి, ప్రెస్ మీదే ఎక్కించండి. లేతు పని చేసే దుకాణంలో అది పావుగంట పని. నట్టుతో లాగితే, స్టడ్డు తల దగ్గరి పళ్లు హబ్బును కోసుకుంటూ దిగడానికి కావలసిన బలమంతా కొత్త స్టడ్డు మరల మీదే పడి, అది మొదటి రోజే సాగిపోతుంది. కొత్తది రంధ్రంలో వదులుగా తిరుగుతుంటే వెల్డింగు పెట్టించవద్దు. ఆ వేడికి స్టడ్డు ఉక్కు గుణం చెడుతుంది. పళ్ల దగ్గర మందం ఎక్కువున్న స్టడ్డు వెతకండి, లేదా హబ్బే మార్చండి.

కొనేటప్పుడు కొలత చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. దీని స్టడ్డు అర అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు ఉంటే అది చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది. అర అంగుళం నట్టు దాని మీద హాయిగా తిరుగుతుంది కూడా, కానీ వదులుగా పట్టి బిగింపులో మర జారిపోతుంది. కాబట్టి వెర్నియర్ (వ్యాసం కొలిచే పరికరం) పెట్టి కొలవనిదే డబ్బు ఇవ్వకండి.

చక్రం నట్లను నూనె రాయకుండా, ఎదురెదురుగా, టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని చూపే పానాతో) 60 నుంచి 65 పౌండ్-అడుగులకు బిగించండి. నూనె ఉంటే రెంచి చూపే అంకె అదే అయినా స్టడ్డు మీద లాగుడు పెరుగుతుంది. ఎనభై కిలోమీటర్లు నడిపాక మళ్లీ రెంచి పెట్టి చూడండి. అలా చూసిన రోజున నా నాలుగు నట్లలో ఒకటి పావు చుట్టు తిరిగింది.