మైక్రోనీడ్లింగ్ అయ్యాక మెడికల్ షాపు క్రీమ్ రాస్తున్నారా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది ఒంగోలు, ఉద్యోగం హైదరాబాద్‌లో. మొటిమలు తగ్గినా బుగ్గల మీద గుంటలు మిగిలిపోయాయి. ఫ్రెండ్ చెప్పిన ఒక స్కిన్ సెంటర్‌లో ఐదు రోజుల కిందట మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో చర్మంలో చిన్న రంధ్రాలు చేసే చికిత్స) మొదటి సిట్టింగ్ చేయించుకున్నాను. ముఖం బాగా ఎర్రబడితే మెడికల్ షాపులో ఒక క్రీమ్ ఇచ్చారు. రెండు పూటలా రాస్తున్నాను. ఎరుపు, మంట చాలా తగ్గాయి. ఎడమ బుగ్గ మీద మాత్రం చీము పట్టిన చిన్న పొక్కులు లేచాయి. ఇంకో 20 రోజుల్లో నా పెళ్లి. విటమిన్ సి సీరమ్ ఎప్పటి నుంచి వాడొచ్చు? పెళ్లిలోపు రెండో సిట్టింగ్ కూడా చేయించుకుంటే ఫొటోల్లో గుంటలు కనబడకుండా ఉంటాయా?
- ఒక పాఠకుడు

జవాబు: సీరమ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ క్రీమ్ ఆపండి. ఈ పూట నుంచే.

పేరు రాయలేదు కాబట్టి అదేమిటో ఖాయంగా చెప్పలేను. కానీ ముఖం ఎర్రబడిందని వెళ్తే చీటీ లేకుండా చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలాసార్లు ఉండేది స్టీరాయిడే. ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అని ఏదైనా ఉందేమో చూడండి. దానితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉంటే అది మంగు మచ్చలకు డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని వారాలు మాత్రమే వాడాల్సిన మందు. మన దగ్గర అది రంగు తేలే క్రీమ్‌గా చెలామణీ అవుతోంది. సూదులు దిగిన చర్మం మీద ట్రెటినాయిన్ రాస్తే పుండు మీద కారం చల్లినట్టే.

ఎరుపు తగ్గిందని మీరు సంతోషంగా రాశారు. నాకు టెన్షన్ పెట్టింది సరిగ్గా ఆ మాటే. స్టీరాయిడ్ ఎరుపును, వాపును అణిచేస్తుంది. దాంతో పాటే చర్మం సూక్ష్మక్రిములతో పోరాడే శక్తినీ అణిచేస్తుంది. పైకి శాంతించినట్టు కనబడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూ ఉంటుంది. ఎరుపు తగ్గడం, చీము పొక్కులు లేవడం ఒకే క్రీమ్ చేసిన పని కావచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. మైక్రోనీడ్లింగ్ పనిచేసేదే ఆ చిన్న గాయాలు మానే క్రమంలో కొత్త కొల్లాజెన్, అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్, పుట్టడం వల్ల. డబ్బు పెట్టి గాయం చేయించుకుని, అది మానే పద్ధతిని మళ్లీ డబ్బు పెట్టి ఆపుకుంటున్నారన్నమాట.

చర్మం మీద రాసే స్టీరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్ (చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) కింద గట్టిగా బిగించింది. అయినా పక్కింటివాళ్లకు పనిచేసిందనో, షాపతను తెలిసినవాడనో కొనేస్తూనే ఉన్నారు. నెలల తరబడి రాసి, చర్మం పలచబడి, ఎండలోకి వెళ్తే భగ్గుమని మండే ముఖాలతో వచ్చేవాళ్లు మా ఓపీలో తరచూ కనబడతారు. చదువుకున్నవాళ్లే. మీరు వాడింది ఐదు రోజుల లోపే కాబట్టి ఒక్కసారిగా ఆపినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఒకటి రెండు రోజులు మళ్లీ ఎర్రబడితే కంగారుపడి ఆ ట్యూబే తీయకండి. ఎప్పటి నుంచో వాడుతున్న పాఠకులు మాత్రం ఇది చదివి సొంతంగా ఆపేయొద్దు. మానేసిన కొన్నాళ్లకు ముఖం ఇంకా ఎక్కువగా రేగుతుంది. డాక్టర్ సలహాతోనే మానాలి.

ఇక పొక్కులు. వెంట్రుకల కుదుళ్లలో ఇన్ఫెక్షన్ కావచ్చు, పాత మొటిమలు రేగి ఉండొచ్చు, హెర్పిస్ అనే వైరస్ ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. మూడింటికీ మందులు వేరు. చూడకుండా ఏదీ రాయలేను, మీరూ యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవద్దు. రేపో ఎల్లుండో చర్మవ్యాధి నిపుణులకు చూపించండి. జ్వరం వచ్చినా, నొప్పి, వాపు పెరుగుతున్నా, పెదాల చుట్టూ నీటి పొక్కులు గుత్తులుగా లేచినా, ఎరుపు కంటి వైపు పాకినా అదే రోజు వెళ్లాలి. పెళ్లి పనుల్లో తీరిక లేదని వాయిదా వేయకండి.

పొక్కుల్ని గిల్లకండి. మీరు అడగలేదు గానీ, వాటి మీద రేజర్ పెట్టకండి. ఒక చోటి చీము బ్లేడుతో బుగ్గంతా పాకుతుంది. గడ్డం పెరిగితే పెరగనివ్వండి. బైక్ మీద ఆఫీసుకు వెళ్తుంటే హెల్మెట్ లోపలి మెత్త ఎంత మురికిగా ఉందో ఒకసారి చూడండి. హెల్మెట్ మానమని కాదు, లోపల శుభ్రమైన పలచటి గుడ్డ వేసుకోమని. దిండు గలీబు మార్చండి. ముఖం మానేదాకా జిమ్, స్విమ్మింగ్ వద్దు.

సూదుల రంధ్రాలు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుంటాయి కాబట్టి ఆ గండం దాటారు. ఇప్పుడు గాఢత లేని ఫేస్‌వాష్‌తో రెండు పూటలా కడుక్కుని, సువాసన లేని మాయిశ్చరైజర్ రాస్తే చాలు. పొట్టు లేస్తే పీకొద్దు. ఎండ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మన చామనఛాయ చర్మం ఏ చిన్న వాపు వచ్చినా నల్ల మచ్చ మిగుల్చుకుంటుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోండి. శుభలేఖలు పంచడానికి ఎండలో తిరిగితే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి.

విటమిన్ సి సీరమ్ మామూలుగా వారం తర్వాత మొదలుపెట్టొచ్చు. మీకు మాత్రం పొక్కులు పూర్తిగా మానేదాకా వద్దు. నిజానికి పెళ్లయ్యేదాకా కొత్తది ఏదీ ముఖం మీద ప్రయోగించకపోవడమే మంచిది. సూదులు గుచ్చేటప్పుడే విటమిన్ సి సీరమ్ వాడితే చర్మంలో గడ్డల్లాంటి ఎలర్జీ వచ్చిన కేసులు 2014లో అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. పెళ్లికొడుకుని చేసే రోజున నలుగు చేతులకు, కాళ్లకు పెట్టించుకోండి. బుగ్గల మీద శనగపిండితో రుద్దనివ్వకండి, పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. సెలూన్‌లో బ్లీచ్, స్క్రబ్ కూడా వద్దు.

పెళ్లిలోపు రెండో సిట్టింగ్ కుదరదు. సిట్టింగులకు మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి, ఇన్ఫెక్షన్ ఉంటే అసలే చేయకూడదు. మొదటి సిట్టింగ్ ఫలితం తేలడానికే కొన్ని నెలలు పడుతుంది. పైగా సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండే గుంటలు మైక్రోనీడ్లింగ్‌కు అంతగా లొంగవు, వాటికి వేరే పద్ధతులున్నాయి. మీవి ఏ రకమో చూసినవాళ్లే చెప్పాలి.

ఆ సెంటర్‌లో సూదుల కార్ట్రిడ్జ్ మీ ముందే కొత్తది విప్పారా? అనుమానం ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, అవసరమైన రక్తపరీక్షలు రాస్తారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో మైక్రోనీడ్లింగ్‌తో పాటు పీఆర్పీ (సొంత రక్తం నుంచి తీసిన ద్రవాన్ని ముఖానికి ఎక్కించడం) చేయించుకున్న ఆడవాళ్లకు హెచ్ఐవీ సోకిన సంగతిని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ఒక నివేదికలో వివరించింది. అలాంటివి అరుదే. మీకూ అలాగే అవుతుందని కాదు, అడగడం మీ హక్కు అని చెబుతున్నాను.

డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబ్ తీసుకెళ్లండి, ముఖానికి ఏమీ రాయకుండా వెళ్లండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడి ఉన్నా, షుగర్ ఉన్నా, దెబ్బ తగిలిన చోట చర్మం ఉబ్బి కీలాయిడ్ అయ్యే అలవాటు ఉన్నా వాళ్లు అడగకముందే చెప్పండి.