మ్యూజియంలో టచ్‌స్క్రీన్ పెడితే పిల్లలు చూస్తారా? పానగల్‌లో నాకు ఎదురైన అనుభవం

చిన్న జిల్లా మ్యూజియంలో పిల్లల కోసం టచ్‌స్క్రీన్ పెట్టాలనుకుంటున్నాం, అందులో ఏం ఉంటే ఆసక్తిగా చూస్తారు అని అడిగారు. నేను నల్లగొండ దగ్గర సర్కారు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. పిల్లలను రెండుసార్లు నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ తీసుకెళ్లాను. మొదటిసారి చేసిన తప్పు ముందు చెప్తాను.

పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోనే మ్యూజియం ఉంది. గుడి స్తంభాల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉంటాయి. నేను ట్యాబ్‌లలో ఒక క్విజ్ పెట్టి పట్టుకెళ్లాను. కట్టించింది కందూరు చోడులా కాకతీయులా, ఏ శతాబ్దం, ఇలాంటి ప్రశ్నలు. ట్యాబ్‌లు నాలుగు, పిల్లలు ముప్పై ఆరుమంది. ట్యాబ్ దొరికినవాళ్లు మార్కుల కోసం గబగబా నొక్కేశారు, దొరకనివాళ్లు వాళ్ల భుజాల మీంచి తొంగిచూశారు. స్తంభం వైపు ఒక్కరూ తలెత్తలేదు. ఆ ఆట క్లాసులో కూర్చుని కూడా ఆడొచ్చు. దానికోసం వీళ్లను ఇక్కడిదాకా తెచ్చానా అని చాలా బాధేసింది.

రెండోసారి ప్రశ్నలన్నీ మార్చాను. "ఈ స్తంభం మీద విల్లు పట్టుకున్నవాళ్లు ఎంతమంది?" రాయిని చూస్తే తప్ప జవాబు రాదు. పిల్లలు చుట్టూ తిరిగి లెక్కపెట్టారు. "ఇగో, ఈడొకడు దాక్కున్నడు సార్!" లెక్క కుదరక గొడవపడి మళ్లీ మొదటినుంచి చూశారు. నాకు కావాల్సింది ఆ గొడవే.

అక్కడికి దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం. ఒక గర్భగుడిలో స్తంభం నీడ రోజంతా పడుతూనే ఉంటుంది, సూర్యుడు జరిగినా అది జరగదు. దీన్ని మాటల్లో చెప్తే పిల్లలకు ఎక్కదు. చెప్పుల డబ్బాకు ముందువైపు కిటికీలా కోసి, లోపల స్కెచ్ పెన్ను ఒకటి నిలబెట్టి, వాళ్ల చేతికి ఫోన్ టార్చ్ ఇచ్చాను. టార్చ్ నేరుగా కొడితే నీడ అటూ ఇటూ పరుగెత్తింది. కిటికీకి ట్రేసింగ్ పేపర్ అంటించాక టార్చ్ ఎంత తిప్పినా నీడ దాదాపు ఉన్నచోటే ఉంది. ఎనిమిదో తరగతి పాప కాసేపు గర్భగుడిలోకి చూసి, "అయితే లోపలికి వచ్చేది ఎండ కాదు సార్, వెలుతురు" అంది. బయట చెదిరిన వెలుతురు స్తంభాల మధ్యనుంచి లోపలికి చేరుతుందన్న మాట తనకు తానే పట్టుకుంది. ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం నడిచేదే ఇలా, వచ్చినవాళ్లు చేత్తో కదిపి చూసి తెలుసుకునేలా.

ఇక స్క్రీన్ సంగతి. ఐదో తరగతి పిల్లాడి ఛాతీ ఎత్తులో, ముగ్గురు కలిసి నిలబడేలా, శిల్పం కళ్లముందే కనిపించేచోట పెట్టండి. నెట్ లేకపోయినా నడవాలి. ఆడియో గ్రాంథికంలో వద్దు, ఇక్కడి పిల్లలతోనే చెప్పించి రికార్డు చేయండి. అసలు శిల్పాలను మాత్రం ముట్టుకోనివ్వకండి, చేతుల జిడ్డు రాయికి పడుతుంది. తాకడానికి ఒక నమూనా చేయించి పక్కన పెట్టండి.

కొనేముందు ఆ స్క్రీన్‌లో రాబోయేదంతా అట్టముక్కల మీద గీసి, పదిమంది పిల్లల చేతికివ్వండి. పక్కన నిలబడి వాళ్ల కళ్లు ఎటు పోతున్నాయో చూడండి. అట్ట మీదే ఆగిపోతుంటే ప్రశ్న మార్చి మళ్లీ ఇవ్వండి.